వట్టికాలి మైలేజీ

బాపట్ల,
శనివారం మధ్యాహ్నం.

ప్రియమైన దేవకుమారికి నీ భర్త వ్రాయునది.

ముందుగా నా తెలుగును మన్నించవలెను. నేను పట్టభద్రుడినే అయినా, పగలంతా బస్సు నడిపి రాత్రి తరగతిలో కూర్చున్నవాడి చదువు కనుక, మాస్టారు సంధులు చెప్పే వేళకు నా కళ్ళు మూతలు పడుతూ ఉండేవి. పరీక్షలో గట్టెక్కాను గాని భాషలో గట్టెక్కలేదు. పదవ తరగతిలో తెలుగులో స్కూలు మొత్తానికి మొదట వచ్చిన నీకు ఉత్తరం రాయడమంటే, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారిని పక్కన కూర్చోబెట్టుకొని బండి నడపడం లాంటిది. తప్పులు కనిపిస్తే ఎర్ర సిరాతో దిద్దుకో. నాకు మాత్రం చెప్పకు.

దేవుని దయవలన నేనూ మన అమ్మాయి జెన్నిఫర్ ఇక్కడ శరీరరీత్యా బాగానే ఉన్నాము. నీవు అక్కడ డ్యూటీల మధ్య వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను. "శరీరరీత్యా" అన్న మాట దగ్గర నీవు ఆగి ఉంటావు. ఆ సంగతికి తప్పక వస్తాను. ముందు మిగిలినవి చెప్పనివ్వు.

ఫోను ఉండగా ఈ కాగితాలు ఎందుకని అనుకోవచ్చు. నీ వార్డులోనే నర్సుగా పనిచేసే ప్రమీలారాణి గారు సెలవు ముగించుకొని ఈ సాయంత్రం బాపట్ల నుండి బయలుదేరుతున్నారు. రేపు మస్కట్‌లో దిగుతారు. గోంగూర పచ్చడి సీసాతో పాటు ఈ కవరును కూడా ఆమె సంచిలో పెడుతున్నాను. నిజానికి పచ్చడి ఒక సాకు. ఫోనులోనైతే నేను రెండు మాటలు అనగానే నీవు "ఏంటి, ఏమైంది?" అంటావు. నేను "ఏమీ లేదు" అంటాను. అక్కడితో అది ముగిసిపోతుంది. కాగితం మధ్యలో ప్రశ్న వేయదు.

ప్రమీలారాణి గారు వచ్చేటప్పుడు నీవు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు ఇస్తాను. అత్తగారికి కంటి ఆపరేషన్ బాపట్లలోనే చేయించాము. చూపు బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, కిందటి ఆదివారం మేము రేపల్లె వెళ్ళినప్పుడు, నేను ఇంకా చెప్పులు విడవకముందే వాకిట్లో నుండి నా కాలరు మీది మురికి చూసి, "మా అమ్మాయి లేకపోతే ఇంతేనండీ అల్లుడుగారూ" అన్నారు. తెనాలిలో మన ఇల్లు తాళం వేసినట్లే ఉన్నది. మొన్నామధ్య వెళ్ళి కిటికీలు తీసి గాలి ఆడనిచ్చి వచ్చాను. ముందు గది గోడకు కొంచెం చెమ్మ పట్టింది. కంగారుపడవలసినంత కాదు.

సంతకం పక్కన బి.ఎ. అని ఎందుకు పెడతావు, కట్టుకున్న భార్యకు తెలియదా అని వెక్కిరించావు. సవినయంగా మనవి చేసేదేమంటే, ఆ రెండక్షరాలు నాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. రేపల్లె ట్రిప్పు వేసి వచ్చి, ఆ ఖాకీ చొక్కాతోనే తరగతిలో కూర్చుంటే, వెనక బెంచీవారు "కండక్టర్ రాలేదేంటి సార్ ఇవ్వాళ?" అని అడిగేవారు. అప్పుడు వారి మీద రాని కోపం నీ మాట మీద వచ్చింది. నవ్వుతూనే రాసి ఉంటావని సరిపెట్టుకున్నాను.

ఆ గ్యాసు బండి ఎప్పుడు పేలుతుందోనని నీకు నిద్ర పట్టడం లేదన్నావు. మీ వార్డులోని మలయాళీ అమ్మాయి "మీ ఆయన ఏం చేస్తారు?" అని అడిగితే సరిగా చెప్పలేకపోయానన్నావు. రెండింటికీ కలిపి రాస్తున్నాను, ఆమెకు ఇదే చెప్పు.

మా బస్సు నెత్తిమీద సిలిండర్లు ఉంటాయి. వాటిలో ఉండేది హైడ్రోజన్. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. పొగ ఉండదు, ఇంజను చప్పుడు ఉండదు. ఎక్కడైనా గ్యాసు కారితే వెంటనే కూతపెట్టే యంత్రాలు బండి అంతటా ఉన్నాయి. కారినది నేలమీద నిలవదు, పైకి పోతుంది. వెనక గొట్టంలో నుండి మాత్రం శుభ్రమైన నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతూ ఉంటాయి. ఈ మాట అత్తగారికి చెబితే, "గ్యాసు పట్టిస్తే నీళ్ళు కారడమేంటండీ, ఎక్కడో కన్నం పడుంటుంది చూపించుకోండి" అన్నారు. జెన్నిఫర్ ఆ నీళ్ళు సీసాలో పట్టి తీసుకువెళ్ళి చూపించింది. ఆవిడ వాసన చూసి, గుమ్మం పక్కన మందార మొదట్లో పోశారు. మందార ఇప్పటికీ బతికే ఉన్నది.

కిలో హైడ్రోజన్‌తో ఈ బస్సు ఎంత దూరం నడుస్తుందో తేల్చడమే మా పని. బాపట్లకు సముద్రం వైపున చౌడు నేలలో అండాకారంగా ఒక ట్రాక్ వేశారు. దాని మీద కొంగలు తప్ప మరొక రాకపోక లేదు. ప్రయాణికుల బదులు సీట్ల నిండా ఇసుక బస్తాలు. ఏసీ వేసే ఉంచాలి, ఎందుకంటే రేపు ఎక్కేవాళ్ళకు అది కావాలి. దారి పొడుగునా స్టాపుల బదులు ఎర్రని కోన్లు నిలబెట్టారు. వాటికి అజయ్ బాబు పేర్లు పెట్టాడు: ఇది పొన్నూరు, అది వేమూరు, ఆ వంగినది భట్టిప్రోలు. అజయ్ బాబు అంటే నాతో పాటు ఉన్న రెండో డ్రైవరు, కాకుమాను కుర్రవాడు, పెళ్ళికావలసినవాడు. "ఈ ప్యాసింజర్లు బంగారం బాబాయ్, చిల్లర అడగరు, కిటికీ పక్క సీటు కావాలనరు" అంటాడు. ఆ బస్తాలను చూసి నవ్వు రానివాడు లేడు, నేను తప్ప.

నా ఎదుట చిన్న తెర ఉంటుంది. దాని మీద రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క నా బస్సు వేగం. గీతలు లేస్తే నేను వేగం పెంచాలి, దిగితే తగ్గించాలి, చుక్క గీతలు దాటకూడదు. ఎవరు నడిపినా బండి ఒకే తీరుగా నడవాలని ఈ ఏర్పాటు. ఒకసారి ఇటు తిరిగితే ఒకసారి అటు తిరగాలి, గాలి ఒకవైపే సాయం చేయకుండా. సముద్రపు గాలి పొద్దెక్కితే లేస్తుంది కనుక తెల్లవారగానే మొదలుపెడతాము. గాలి ఎక్కువైతే ఆ రోజు పని రద్దు. అయిపోయాక కూడా, తిరిగి గ్యాసు నింపిన సిలిండర్ల వేడి దిగేదాకా ఎంత గ్యాసు ఖర్చయినదీ తేలదు. ఆ ఎదురుచూపు నాకు పడదు. అందరూ టీ తాగుతుంటే నేను బస్సు చుట్టూ తిరుగుతూ ఉంటాను. "బాబాయ్, కూర్చో, బండి పారిపోదు" అంటాడు అజయ్.

నాకు వెనక మూడో సీటులో, లాప్‌టాప్ ఒడిలో పెట్టుకొని జెన్నిఫర్ కూర్చుంటుంది. లెక్క తీసేది ఆమె. ఆమె ఇంకా ట్రైనీయే, నెలాఖరున మా పెద్ద ఇంజనీరు చలపతిరావు గారు రాసే మాట మీద ఆమె ఉద్యోగం ఖాయం కావలసి ఉన్నది. ఆమె చేరిన రోజునే నేను గట్టిగా చెప్పాను: ట్రాక్ మీద నన్ను నాన్నా అని పిలవకూడదు, డ్రైవర్ గారూ అనాలి, నేను నిన్ను మేడమ్ అంటాను, చూసేవారికి మాట రాకూడదు. ఆమె నవ్వి సరేనన్నది.

ఇక్కడ నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. మన ఇంట్లో నేనూ జెన్నిఫర్ ఎప్పుడైనా ఎదురుగా మాట్లాడుకున్నామా? ఆమె ఎదుటనే కూర్చుని ఉన్నా, "మీ అమ్మాయిని ఆ ఫ్యాను ఆపమను" అని నీతో అనేవాడిని. "నాన్నకి పుస్తకాలు కొనాలని చెప్పమ్మా" అని ఆమె నీతో అనేది. మా నాన్న కూడా మా అక్కయ్యతో అట్లాగే మాట్లాడేవాడు. అది పద్ధతి అనుకున్నాను. నీవు మస్కట్ వెళ్ళిన తరువాత మా ఇద్దరి మధ్య మాటలు మోసే మనిషి లేకపోయింది. చాలా రోజులు గిన్నెల చప్పుడే సంభాషణ. తరువాత ఈ ట్రాక్ వచ్చింది. "డ్రైవర్ గారూ, కొంచెం వేగం తగ్గించండి." "అలాగే మేడమ్." "గాలి తిరిగిందండి, ఆగుదామా?" "ఆగుదాం మేడమ్." పొద్దున్నే మొదలై పొద్దెక్కేదాకా. ఇరవై ఏళ్ళు దాటిన కూతురితో నేను మొదటిసారిగా ఇన్ని మాటలు మాట్లాడాను, దేవకుమారీ, అవి అన్నీ బస్సును గురించినవే అయినా.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న నీవు ఫోను చేసి నాన్నకి ఇవ్వమంటే, జెన్నిఫర్ "డ్రైవర్ గారు భోంచేస్తున్నారమ్మా" అన్నది. నీవు పెద్దగా నవ్వావు, నా వరకు వినిపించింది. అది తమాషా కాదు. గురువారం నుండి ఆమె నన్ను ఇంట్లో కూడా అట్లాగే పిలుస్తున్నది. కంచం ముందు కూర్చుంటే, "డ్రైవర్ గారూ, చారు వేయమంటారా?" అని అడుగుతుంది. గొంతులో కోపం ఉండదు. ట్రాక్ మీద ఎంత మర్యాదగా అంటుందో ఇంట్లోనూ అంతే మర్యాదగా అంటుంది. నేను వేయించుకుంటున్నాను.

కంపెనీవారు ముందుగా బస్సులు నడపదలచినది బాపట్ల నుండి పొన్నూరు మీదుగా తెనాలి, తెనాలి నుండి రేపల్లె, రేపల్లె నుండి చెరుకుపల్లి మీదుగా మళ్ళీ బాపట్ల. గ్యాసు పట్టే స్థలం ఒక్క బాపట్లలోనే ఉంటే చాలునా, లేక రేపల్లెలో రెండోది కూడా కట్టాలా అన్నది మా మైలేజీ అంకె మీద తేలుతుంది. రెండోది కట్టాలంటే ఖర్చు ఎక్కువ, అప్పుడు ఈ దారినే వదిలి మరో ఊరు చూసుకుంటారేమోనని అందరికీ లోపల దిగులు. మొదటి రోజుల్లో అంకెలు కొంచెం తక్కువగానే వచ్చాయి. "ఇంకాస్త వస్తే గట్టెక్కుతామండీ" అన్నారు చలపతిరావు గారు ఒకరోజు టీ గ్లాసు పట్టుకొని. జెన్నిఫర్ తెర వైపు చూస్తూ గోరు కొరుక్కున్నది. చిన్నప్పుడు లెక్కల పరీక్ష ముందు కొరుక్కున్నట్లే.

అద్దె బస్సు నడిపినన్నాళ్ళూ తెనాలి డిపోలో డీజిలు పొదుపులో నా పేరే ముందు ఉండేదని నీకు తెలుసు. శాలువా మన బీరువాలోనే ఉన్నది. ఆ పొదుపు రహస్యం ఒకటే, నేను చెప్పు విడిచి వట్టికాలితో నడిపేవాడిని. వట్టికాలికి పెడల్ ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో తెలుస్తుంది. స్టాపు ఇంకా కనుచూపు మేరలో ఉండగానే కాలు ఎత్తితే బండి తనంతట తాను దొర్లుకుంటూ పోయి చెట్టు కింద ఆగుతుంది. ఈ ట్రాక్ మీద సేఫ్టీ బూట్లు తప్పనిసరి. బూటుతో నడపడమంటే నాకు చేతికి సంచి తొడుక్కొని అన్నం కలిపినట్లు ఉంటుంది.

బుధవారం నాడు టెస్ట్ రన్ మొదలుకాకముందు, సీటులో కూర్చుని ఎవరూ చూడకుండా బూట్లు విప్పాను.

చుక్కను గీతలు దాటనివ్వలేదు. కాని ప్రతిచోటా కింది గీతకు ఆనించి నడిపాను. కోన్ దూరంగా ఉండగానే కాలు ఎత్తాను, తెర సహించినంత మేర. ఇటు, అటు, రెండు వైపులా. బస్తాల మీద దుమ్ము కూడా కదలలేదు. చాలా కాలం తరువాత నా కాలు నాకు దొరికినట్లయింది. రన్ ముగిశాక జెన్నిఫర్ ఏదో అడగడానికి ముందుకు వచ్చి, నా పక్కన నిలబడి, కిందికి చూసింది. చర్చి గుమ్మం దగ్గర విడిచినట్లు బూట్లు రెండూ పొందికగా పక్కపక్కన ఉన్నాయి.

"ఇదేంటి నాన్నా?" అన్నది. ట్రాక్ మీద నాన్నా అనడం అదే మొదలు.

"కరుస్తున్నాయి" అన్నాను.

అంకె వచ్చింది. అంతవరకు వచ్చినవాటిలో అన్నిటికంటే మెరుగైనది. చలపతిరావు గారు నా భుజం తట్టి, "సాల్మన్ రాజు గారూ, మీ చెయ్యి పడితే అంతేనండీ" అన్నారు. కారంచేడులోని వారి ఇంటి నుండి వచ్చిన సున్నుండల డబ్బా మూత తీసి అందరికీ పంచారు. అజయ్ బాబు "చెయ్యి కాదు సార్, కాలు" అని నవ్వాడు. వాడు ఊరికే అన్నాడు, వాడికి ఏమీ తెలియదు. నా సున్నుండను వాడికే ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో జెన్నిఫర్ నా ఎదుట కూర్చున్నది. నేరుగా నాతోనే మాట్లాడింది.

"నాన్నా, రేపు మీటింగులో మీరే సార్‌కి చెప్పండి. నేను చెబితే బాగోదు."

"ఏం చెప్పాలి? గీతలు దాటానా?"

"దాటలేదు. కానీ రేపు బండి రోడ్డెక్కాక మీరొక్కరే నడపరు గదా. అజయ్ నడుపుతాడు, ఇంకెవరో నడుపుతారు. బండితో పాటు మీ కాలు అమ్మరు నాన్నా. ఈ అంకె నమ్మి ఒక్కచోటే గ్యాసు పెడితే, ఎండలో, జనం నిండుగా ఉన్నప్పుడు, తిరిగొచ్చేటప్పుడు చెరుకుపల్లి దగ్గర బండి ఆగిపోద్ది. బైకు మీద డబ్బాతో తెచ్చి పోయడానికి ఇది డీజిలా? అమ్మమ్మ ఆ బస్సులోనే కంటి ఆసుపత్రికి వస్తది."

దీనికి నేను చెప్పవలసిన జవాబు ఒక్కటే ఉన్నది. అది నాకు అప్పుడే తెలుసు. కాని నేను ఏమి చేశానో తెలుసునా? టీవీ మీద నీ ఫోటో ఉన్నది గదా, ఆ ఫోటో వైపు తిరిగి, "చూశావా, మీ అమ్మాయి నాకు బస్సు నడపడం నేర్పుతున్నది" అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం మీటింగులో అంకె చదివారు. జెన్నిఫర్ లేచి నిలబడి, "ఈ రన్ లెక్కలోకి తీసుకోవద్దు సార్. డ్రైవర్ గారు బూట్లు విప్పి నడిపారు" అన్నది. గది అంతా నా వైపు తిరిగింది. చలపతిరావు గారు, "ఏంటండీ, నిజమేనా? బూట్లు విప్పారా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

నేను ఇంతవరకు తిప్పి తిప్పి రాసినది ఈ ఒక్క మాట కోసమే. బూట్లు విప్పడం పెద్ద నేరం కాకపోవచ్చు. ఒక మాట పడి, మళ్ళీ నడిపితే పోయేది. కాని ఆ "లేదండి"తో మన అమ్మాయిని అందరి ఎదుట అబద్ధాలకోరుగా నిలబెట్టాను. చలపతిరావు గారు నవ్వి, "మీ నాన్నగారి మీదే చెబుతావేంటమ్మా, పెద్దాయన లేదంటున్నారుగా" అన్నారు. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. "సరే సార్, కానీ ఈ అంకె మీద నేను సంతకం పెట్టను" అని లాప్‌టాప్ మూసి కూర్చున్నది. బయటికి వచ్చాక ఎవరో అంటున్నారు: "తండ్రినే ఇరికించింది చూడండి, రేపు మనల్ని వదులుద్దా?" ఆ మాట నేను విన్నాను. ఆమె కూడా విన్నది.

ఎందుకు చేశావని నీవు అడుగుతావు. అమ్మాయి ఉద్యోగం కోసం, మన ఊళ్ళకు బస్సులు రావాలని చేశాను అని రాస్తే నీవు నమ్ముతావు, అందులో అబద్ధం కూడా లేదు. కాని అది సగమే. మంగళవారం నాడు అజయ్ బాబు బూట్లతోనే నడిపితే, వాడి అంకె నా అంకెతో సమానంగా వచ్చింది. వాడు లైసెన్సు తీసుకున్నది నిన్నగాక మొన్న. గీతలు చూసి నడిపితే ఎవరైనా సమానమే అట, అందుకే ఆ గీతలు అట. అది నేను ఓర్చుకోలేకపోయాను. ఆ శాలువా, ఆ ఖాకీ చొక్కా, ఆ బి.ఎ., అన్నీ కలిసి నా చేత ఆ బూట్లు విప్పించాయి. మీటింగులో కూడా అవే నిజం చెప్పనివ్వలేదు. కూతురు చెప్పగా తండ్రి ఒప్పుకోవడమా అనిపించింది.

శుక్రవారం గాలి తగ్గలేదు, పని రద్దు చేశారు. ట్రాక్ పక్కన నిలబడి ఆ కోన్లను చూస్తూ ఉన్నాను. భట్టిప్రోలు పడిపోతే ఎవరో లేపి నిలబెట్టారు, మళ్ళీ పడిపోయింది. ఒకచోట నిలవలేక ట్రాక్ చుట్టూ నడిచాను. కొంగలు లేచి మళ్ళీ నా వెనకే దిగాయి. జెన్నిఫర్ షెడ్డులో కూర్చుని ఏదో రాసుకుంటున్నది. దగ్గరికి వెళ్ళి "మేడమ్" అని పిలవబోయాను, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. "అమ్మాయ్" అనబోయాను, అది అలవాటు లేదు. నీళ్ళు తాగి వచ్చేశాను.

ఈ ఉదయం కూడా గాలి అట్లాగే ఉన్నది. చలపతిరావు గారు కారెక్కబోతుంటే ఆపి, నిలబడే చెప్పాను. "బూట్లు విప్పానండి. అమ్మాయి చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం." కాలేజీలో వైవా పరీక్షకు కూడా నాకు అంత చెమట పట్టలేదు.

ఆయన తెరిచిన కారు తలుపు మళ్ళీ మూశారు. "అంకె తగ్గితే నాకు బాధ లేదండీ" అన్నారు. "మళ్ళీ తీద్దాం, ఎంతొస్తే అంతే రాద్దాం. రేపల్లెలో రెండోది కావాలంటే కావాలనే చెబుదాం, ఒప్పుకుంటారో లేదో వాళ్ళిష్టం. కానీ ఆ పిల్లని నేను అందరి ముందూ ఆ మాటన్నానండీ. దాన్ని ఎక్కడ పెట్టుకోను?"

"నేనేం చేయాలో చెప్పండి" అన్నాను.

"అందరి ముందూ లేదన్నారుగా, అందరి ముందే అవునని చెప్పండి. సోమవారం పొద్దున్నే, రన్‌కి ముందు. ఆ తర్వాత నా మాట నేను దిద్దుకుంటాను. మీ ఉద్యోగం సంగతి మాత్రం నా చేతుల్లో లేదండి, పైవాళ్ళు చూస్తారు."

సోమవారం నాడు అజయ్ బాబు నడుపుతాడు. నా సీటు వాడికి ఇమ్మని నేనే అడిగాను. నన్ను బండి దగ్గరకు రానిస్తే, ఒకటి రెండు ఇసుక బస్తాలు దించి ఆ స్థానంలో నేను కూర్చుంటానని కూడా అడిగాను. "మీరెంత బరువుంటారండీ?" అన్నారు చలపతిరావు గారు. ఈ రెండు రోజుల్లో నా ఎదుట నవ్విన మొదటి మనిషి ఆయన. వాడు ఎట్లా నడుపుతాడో ప్రయాణికుడిగా కూర్చుని చూడాలని ఉన్నది. బూట్లతోనే కూర్చుంటాను.

ఉద్యోగం పోతే నీవు బెంగపడకు. లైసెన్సు ఉన్నది, తెనాలిలో స్కూలు బస్సులు ఉన్నాయి. నా దిగులు దాని గురించి కాదు. సోమవారం అందరి మధ్య నిలబడి నేను నోరు తెరిచే ముందే జెన్నిఫర్‌కు ఈ సంగతి తెలిసి ఉండాలి. పదిమందితో పాటు ఆమె కూడా ఆ రోజే వినడం న్యాయం కాదు. ఇప్పుడు ఆమె పక్క గదిలోనే ఉన్నది. ఇస్త్రీ చేస్తున్నది, నా ఖాకీ చొక్కా కూడా చేస్తున్నది, పెట్టె చప్పుడు వినిపిస్తున్నది. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. ఈ ఉత్తరం రాస్తూ రెండుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళ వంకతో, ఒకసారి కిటికీ వేసే వంకతో. రెండోసారి ఆమె తల ఎత్తి, "ఏమైనా కావాలా డ్రైవర్ గారూ?" అన్నది. "ఏం లేదు" అన్నాను.

ప్రమీలారాణి గారి ఇంటికి వెళ్ళవలసిన వేళ అయింది. పచ్చడి సీసా మూతకు గుడ్డ కట్టాను, దారిలో నూనె కారదు. నీ ఒంటి సంగతి చూసుకో. మన ముగ్గురి కొరకు ప్రార్థన చేయి.

ఇట్లు,
జెన్నిఫర్ నాన్న.

ఇది తరువాత ఎవరు చదవవలెననగా: ముందు నీవు ఒక్కదానివే చదువు. అత్తగారికి కొత్త చూపు వచ్చింది గదా అని ఆమెకు మాత్రం పంపకు. చదవగానే, సోమవారం తెల్లవారకముందే, కాగితాలన్నిటినీ ఫోనులో ఫోటోలు తీసి, వరుస తప్పకుండా, నా పేరు చెప్పి జెన్నిఫర్‌కు పంపించు. నా అక్షరాలు అర్థం కాని చోట నీవు చదివి వినిపించు. మస్కట్ నుండి అవి ఆమెకు క్షణంలో చేరతాయి. పక్క గది నుండి చేర్చడం నాకు చేతకాలేదు.